పొదుగుపెట్ట



పొదుగు అను మాట తెలుగున రెండు మూడు తావుల వినబడును. కంసాలి బంగారమున రత్నమును పొదుగును. ఆవునకు పాలుండు తావు పొదుగు. కోడి గుడ్లను పొదుగును. ఈ మూడింటికిని మూలమొక్కటియా, వేఱువేఱా యని పండితులు వాదింపవచ్చును గాని, ఆ వాదమున కిది సమయము కాదు. కంసాలి చేతిపనియు, పెట్ట ఱొమ్ముపనియు నాకొక్కటిగనే తోచును: జాఱిపోకుండ, నలిగిపోకుండ, నాలుగువైపుల నుండి పట్టి యుంచుట. ఆ నేర్పు కంసాలులందఱకును సమానముగా రానట్లే పెట్టలన్నింటికిని సమానముగా రాదు. ఏ పెట్టకు వచ్చునో యెట్లు తెలిసికొనవలయును, వచ్చినదానిచేత పని యెట్లు చేయించుకొనవలయును అనునది నేటి నా ప్రసంగవిషయము.

నేను కావ్యములును వ్యాకరణమును చదువుకొని, ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి విరమించినవాడను. కోళ్లను గూర్చి మాటలాడుటకు నీకేమి యధికారమని మీరడుగవచ్చును. ఈ విద్యయందు నాకు గురువులు మా యూరి స్త్రీలు. వారిలో ననేకులు నా శిష్యుల తల్లులు, కొందఱు శిష్యురాండ్రే. వారు చెప్పినదానిలో నేను కన్నులార జూచి నమ్మినదియు, పశువైద్యులు కారణము చెప్పి సమర్థించినదియు మాత్రమే మీకు మనవి చేసెదను.

మన దేశమున పుంజునకు గల గౌరవము పెట్టకు లేదు. చాణక్యనీతి కోడిపుంజు నుండి నాలుగు గుణములు నేర్చుకొమ్మన్నది. పెట్టను గూర్చి యూరకున్నది. పల్నాటి వీరకథ కోడిపందెముమీదనే మలుపు తిరిగినది. సంక్రాంతి పుంజులకు కాకి, డేగ, నెమలి, పింగళి యని రంగును బట్టి పేర్లు పెట్టి, తిథివారములను బట్టి జయాపజయములు చెప్పువారు నేటికిని గలరు. ఆ పుంజును ఇరువదియొక్క దినములు తిండినీళ్లు మఱచి పొదిగి లేపిన తల్లికి లక్షణము చెప్పిన గ్రంథము మాత్రము నా కంటబడలేదు. కనుక ఈ లక్షణము మనమే చెప్పుకొనవలసియున్నది.

నాటుపెట్ట పది మొదలు పదునైదు వఱకు గుడ్లు పెట్టి పొదుగునకు వచ్చును. ఇది రోగము కాదు, సోమరితనమును గాదు. మెదడు క్రింద నుండు చిన్న గ్రంథి నుండి ప్రొలాక్టిన్ అను రసము రక్తములో హెచ్చును. దానిచేత గుడ్లు పెట్టుట నిలిచిపోవును, ఆకలి తగ్గును, ఱొమ్ముక్రింది యీకలు రాలి వట్టి చర్మము బయలుపడును. ఆ చర్మము గుడ్డున కానినప్పుడు తల్లివేడి అడ్డు లేక నేరుగా తగులును. కోడి యొడలి వేడి ఫారన్‌హీటు కొలతలో 106, 107 డిగ్రీలు. గుడ్డునకు కావలసినది 100కు రమారమి. పెట్ట లేచుచు, కూర్చుండుచు, గుడ్లను ముక్కుతో దొర్లించుచు ఆ వ్యత్యాసమును సరిచేసికొనును. విద్యుచ్ఛక్తితో నడచు పొదుగుయంత్రము చేయునదియు నింతియే. అయితే యంత్రమునకు కరెంటు పోవును, పెట్టకు పోదు.

ఇక లక్షణము. పొదుగునకు వచ్చిన పెట్ట ఱెక్కలు వ్రేలవైచి, యీకలు నిక్కించి, కొక్కొక్కుమని యొక్కటే స్వరమున మూలుగుచు తిరుగును. ఇంతమాత్రమున నమ్మి గుడ్లు పెట్టకూడదు. పగలు గూటిలో గూర్చుండు పెట్టలు చాల గలవు; రాత్రి కూడ కదలక యచ్చటనే యున్నదా యని చూడవలయును. సందెవేళ తక్కిన కోళ్లు గూడు చేరినప్పుడు తాను చేరక గుడ్ల తావున నున్న పెట్టయే నిజముగా పొదుగునకు వచ్చినది. పిమ్మట నెమ్మదిగా చేయి దానిక్రిందికి జొనిపి చూడుడు. కెవ్వున నఱచి, గుడ్లను త్రొక్కి, యెగిరిపోవునది పనికిరాదు. ఈకలు పొంగించి, చేతిని పొడిచి, గుఱ్ఱుమని, కూర్చున్న తావున నుండి లేవక యుండునది పనికివచ్చును. చేయి దగ్గఱకు వచ్చినను ఉలుకుపలుకు లేనిదానిని గూర్చి కొంచెము సందేహింపుడు. అది మెత్తని స్వభావము కావచ్చును. అట్టిదానిని వేఱొక పెట్ట వచ్చి త్రోసివేసి గూటిని లాగికొనును.

ఇట్లు కుదిరినదానిని గూడ వెంటనే నమ్మక, రెండు మూడు రాత్రులు వట్టిగుడ్లమీద గూర్చుండబెట్టి పరీక్షింపవలయును. పనికిరాని గుడ్లు రెండుంచినను చాలును. గుడ్డంతటి నున్నని గులకఱాళ్లుంచినను పెట్టకు భేదము తెలియదు. పొదుగవలసిన తావునకు దానిని రాత్రిపూటనే మార్చవలయును. పగలు మార్చినచో పాతతావు వెదకికొనుచు పాఱిపోవును. క్రొత్తతావున రెండు దినములు నిలిచినదా, అప్పుడు మంచిగుడ్లు పెట్టుడు. ఈ రెండు దినముల యోర్పు లేక పండ్రెండు గుడ్లు పాడుచేసికొన్న యిండ్లు నేనెఱుగుదును.

వయస్సు మాట. మొదటిసారి గుడ్లు పెట్టిన పడుచుపెట్ట పొదుగునకు వచ్చినచో దానికి అయిదాఱు గుడ్లకు మించి యీయకూడదు. అవియు మీరు ఆశ పెట్టుకొన్న గుడ్లు కాకూడదు. అది యెట్టి తల్లియో తెలియుటకు ఆ పొదుగు పరీక్ష. రెండవయేడు దాటి, ఒకమారు పిల్లలను లేపి పెంచిన పెట్ట యన్నింటికంటె మేలు. బరువు నడితరముగా నుండవలయును, అనగా ఒకటిన్నర మొదలు రెండు కిలోల లోపల. కాళ్లకు పొడవైన ముల్లు లేకుండవలయును, ఈకలు దట్టముగా నుండవలయును. తల్లికోడి త్రొక్కినచో పిల్ల చావదని లోకులందురు. చచ్చును. బరువైన పెట్ట కాలిక్రింద పడి చచ్చిన పిల్లలను తెల్లవాఱి యేఱి పాఱవేసిన తల్లులను అడిగి చూడుడు.

అసీలు జాతిపెట్టలు మన యాంధ్రదేశమున ప్రసిద్ధములు. అవి చక్కని తల్లులు. పిల్లినైనను గద్దనైనను ఎదిరించును. కాని మేనిబరువు హెచ్చు, కోపము హెచ్చు. అవి పిల్లలతో నున్నప్పుడు ఇతరుల పిల్లలు దగ్గఱకు వచ్చినచో పొడిచి చంపును. కావున వాని పెరడు వేఱుగా నుండవలయును. తెల్ల లెగ్‌హారనులు పొదుగుటను మఱచిపోయి చాలకాలమైనది. మధ్యప్రదేశమున ఝాబువా ప్రాంతపు నల్లకోడి, కడక్‌నాథ్, నేడు మనవైపునకును వచ్చినది గాని, పొదుగువిషయమున దానిని నమ్ముకొనరాదు.

ఇచ్చట నొక యింటికథ చెప్పవలసియున్నది. మా వీధిలో నొక యవ్వ కలదు. ఆమె యుప్పు పప్పు ఖర్చులు కోళ్లమీదనే జరుగును. ఆమెయొద్ద నొక మైలపెట్ట యుండెడిది. ఏటికి మూడుమాఱులు పొదుగునకు వచ్చి, వచ్చినప్పుడెల్ల ఎనిమిదో తొమ్మిదో పిల్లలను లేపి, అందు ఆఱింటినైనను పెద్ద చేసెడిది. ఒక సంక్రాంతికి కోళ్ల బేరగాడు వచ్చి, 'అవ్వా! ఏడాది పొడుగున కూర్చుండుటయే గాని యిది పెట్టు గుడ్లెన్ని? దీని నమ్మి క్రొత్తజాతివి తెచ్చుకొనుము' అని చెప్పెను. ఆ మాట లెక్కకు సరిగానే యున్నది. నాటుపెట్ట ఏటికి అఱువది డెబ్బది గుడ్లు పెట్టిన గొప్ప. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనసంస్థవారు పెరటికోళ్లకై వనరాజ, గ్రామప్రియ యను జాతులను తయారుచేసినారు. వానిలో గ్రామప్రియ, మేపు బాగుగా నున్నచో, నాటుదానికి రెట్టింపు గుడ్లు పెట్టును. అవ్వ మైలపెట్ట నమ్మి, క్రొత్తజాతి పిల్లలు పదింటిని కొన్నది. రెండేండ్లు గుడ్లకు కొదువ లేదు. మూడవయేట ఆ పెట్టలు ముదిరినవి. గుడ్లున్నవి, పొదుగువారు లేరు. పదింటిలో నొక్కటియు గూట కూర్చుండలేదు.

తుదకు ఆమె పొరుగింటి పెట్టను పాలికి తెచ్చుకొనవలసి వచ్చినది. పాలికనగా, లేచిన పిల్లలలో సగము పెట్టగలవారికి పోవును. గుడ్లు తనవి, నూకలు తనవి, కాపలా తనది. ఎనిమిది పిల్లలు లేచినచో నాలుగు మాత్రమే తనవి. మైలపెట్ట యున్నప్పుడు ఎనిమిదియు నామెవే. బేరగాడు గుడ్లను లెక్కించినాడు గాని, యొడిని లెక్కింపలేదు.

ఇందు క్రొత్తజాతుల తప్పేమియు లేదు. గుడ్లు పెట్టుటయు పొదుగుటయు ఒక్క యొంటిలో ఒక్కమాఱు జరుగవు. కూర్చున్నంతకాలము పెట్ట గుడ్డు పెట్టదు. కనుక హెచ్చుగుడ్లు పెట్టువానిని తరతరముల నుండి యేఱుచు వచ్చినవారు, తెలిసియే, పొదుగుగుణమును త్రోసివేసినారు. గుడ్ల వ్యాపారికది లాభము. పెరటిలో పది కోళ్లుంచుకొన్న యామెకు ఆ గుణము పూర్తిగా పోయినచో, పిల్లకోడి కావలసినప్పుడెల్ల సంతకు పోవలసినదే. నేను చెప్పునది యేమనగా: గుడ్లకు క్రొత్తవానిని ఎన్నియైన నుంచుకొనుడు, పొదుగుటకు మాత్రము పరీక్షింపబడిన నాటుపెట్టలు రెండు ఇంట నుండవలయును. గుడ్లు ఒకదానివి, ఒడి మఱియొకదానిది. గ్రామప్రియ గుడ్డును మైలపెట్ట తన గుడ్డువలెనే పొదుగును. కోనసీమలోను కొల్లేటివైపునను బాతుగుడ్లను సైతము కోళ్లక్రింద పెట్టుట వాడుక. వానికి ఇరువదియెనిమిది దినములు పట్టును. పెట్ట యా యేడు దినములు అదనముగా కూర్చుండి లేపిన పిల్లలు నీటిలో దిగి యీదుచుండగా, అది గట్టున నిలిచి పడు ఆరాటము చూచినవారికి నవ్వును జాలియు నొక్కసారి వచ్చును.

గుడ్ల సంగతి చెప్పెదను. పుంజుతో గూడియున్న పెట్టల గుడ్లే పనికివచ్చును. పది పెట్టల కొక పుంజు చాలును. నడితరపువి, నున్ననివి, నెఱ్ఱె లేనివి యేఱవలయును. కడుగకూడదు, పెంకుమీద నుండు సన్నని పొర లోపలికి మురికి పోకుండ కాపాడును, కడిగినచో నది పోవును. వారము దాటిన గుడ్లు పెట్టకూడదు. ఎండకాలమున మూడు నాలుగు దినములే గడువు. దీనికి కారణమున్నది. ఇంచుమించు 70 డిగ్రీలకు లోబడిన చల్లదనములో గుడ్డులోని జీవము నిద్రించును. వైశాఖమాసమున మన యిండ్లలో వేడి 100 దాటును. అప్పుడు గుడ్డు తల్లిక్రిందికి పోకమునుపే మేలుకొనును. తెల్లవాఱుజామున మరల చల్లబడును. ఇట్లు సగము మేలుకొని, సగము నిద్రించి, తుదకు చచ్చును. వేసవిలో పెట్టను తిట్టి ప్రయోజనము లేదు. తడియిసుకలో కుదిర్చిన మట్టికుండలో, పొడిగుడ్డ వేసి, సన్నకొన క్రిందికి వచ్చునట్లు గుడ్లను దాచినచో కొంత మేలు. అంతకంటె మేలు, ఆ రెండు నెలలు పొదుగవేయకుండుట. కార్తీకము మొదలు ఫాల్గుణము వఱకు మంచికాలము.

ఎన్ని గుడ్లు? పెద్దలు పదకొండో పదమూడో బేసిగా పెట్టుమందురు. బేసికిని సరికిని పెట్ట లెక్క నేర్వలేదు గాని, ఆ సంఖ్య పెద్దపెట్టకు సరిపోవును. చిన్నదానికి ఎనిమిది, తొమ్మిది చాలును. పెట్ట కూర్చున్న పిమ్మట ఏవైపు నుండియు ఒక్కగుడ్డును బయటికి కనబడరాదు, ఇదే కొలత. ఒకటి బయటికి వచ్చినచో ఆ యొక్కటియే చెడునని యనుకొనవలదు. పెట్ట గుడ్లను దొర్లించుచు వెలిదానిని లోపలికి, లోపలిదానిని వెలికి త్రోయుచుండును. నేడొకటి చల్లబడును, రేపు మఱియొకటి. దురాశతో పెట్టిన పదునాల్గవ గుడ్డు తక్కిన పదుమూడింటికి తలా కొంత చేటు తెచ్చును.

పెట్టిన గుడ్లమీద పెన్సిలుతో గీత గీయుడు. ఇది చదువు చెప్పినవాని చాదస్తము కాదు. పెట్ట మేతకు లేచినప్పుడు తక్కిన కోళ్లు వచ్చి ఆ గూటిలోనే గుడ్లు పెట్టిపోవును. గీత లేనిది కనబడినచో వెంటనే తీసివేయవచ్చును. తీయనిచో వారము వెనుకబడిన గుడ్డు ముందువానితో గలిసిపోవును; ఇరువదియొకటవ దినమున లేచిన పిల్లలతో తల్లి బయలుదేఱును, ప్రాణమున్న గుడ్డు గూట మిగిలి చల్లబడిపోవును.

గూటికి వెడల్పైన తట్టయో పాతగంపయో చాలును. అడుగున పిడికెడు బూడిద కలిపిన ఇసుక పోసి, నడుమ కొంచెము పల్లముగా చేసి, పైన నలిపిన వరిగడ్డి పఱచి, గడ్డిలో వేపాకు కలుపవలయును. గూటిలో ఇనుపముక్క యుంచినచో ఉరుములకు గుడ్లు చెడవని మావైపు స్త్రీల నమ్మకము. దానిచేత కీడు లేదు గనుక నేను వారితో వాదింపను. పేలు మాత్రము వాదించి వదలుకొనవలసినవే. పేలు పట్టిన పెట్ట కుదురుగా కూర్చుండదు; లేచిన పిల్లల తలలకు ఆ పేలే ప్రాకి రక్తము త్రాగును. గుడ్లు పెట్టుటకు ముందే పెట్టను బూడిదలోను మెత్తని మట్టిలోను పొరలనిండు. సీతాఫలపు గింజలపొడి పేలను చంపును గాని, కంట బడినచో కోడికిని మనకును గూడ అపాయము. పొలములో చల్లు పురుగుమందులను కోళ్లకు పూయువారున్నారు. అది పేలతోపాటు పెట్టను గూడ చంపుట. చీమలను గూర్చి మఱియొక మాట. గుడ్డు చిట్లినప్పటి తడివాసనకు చీమలు బారులు తీరి వచ్చి, బయటికి రాకమునుపే పిల్లను తినివేయును. మూడు ఇటుకలను నీళ్లపళ్లెములో నిలిపి, వానిమీద గంప నుంచినవారికి ఈ భయము లేదు.

పొదుగునప్పుడు పెట్ట దినమునకొకమారు లేచి పావుగంటో, ఇరువది నిమిషములో బయట నుండును. ఆ సేపు గుడ్లు చల్లబడినందున నష్టము లేదు. ఆ వేళకు జొన్నలో వడ్లో గింజమేతయు, మంచినీళ్లును దగ్గఱ సిద్ధముగా నుండవలయును. తవుడుముద్ద పెట్టినచో విరేచనము పలుచనై గూడు చెడును. కొన్ని పెట్టలు తమంతట లేవవు. మాడి, తేలికై, తుదకు గూటిలోనే చచ్చినవియు గలవు. అట్టిదానిని ఱెక్కలక్రింద గుడ్డు చిక్కుకొనలేదని తడవి చూచుకొని, నెమ్మదిగా నెత్తి మేతదగ్గఱ విడువవలయును.

ఏడవరాత్రి గుడ్లను పరీక్షింపుడు. చీకటిగదిలో టార్చిదీపము నోటికి గుడ్డు వెడల్పుకొన నానించి చూచినచో, జీవమున్నదానిలో నడుమ చుక్కయు, సాలెపురుగు కాళ్లవలె ఎఱ్ఱని నరములును కనబడును. ఏమియు లేక తేటగా నున్నది వట్టిగుడ్డు. తీసివేయుడు, తల్లివేడి మిగిలినవానికి దక్కును. ఇద్దఱు పొరుగువారు ఒక్కదినమే రెండు పెట్టలను పొదుగవేసినచో ఇచ్చట గొప్ప సౌలభ్యము కలదు. ఇరువురి మంచిగుడ్లను ఒకదానిక్రింద చేర్చి, రెండవదానికి క్రొత్తగుడ్లు పెట్టవచ్చును.

పదునెనిమిదవ దినము దాటిన పిమ్మట గూటిజోలికి పోకుడు. ఇరువదవ దినమున గుడ్డులోనుండి కీచుమను ధ్వని వినబడును. తల్లి మెల్లగా బదులు పలుకును. పెంకునకు చిల్లి పడినది మొదలు పిల్ల బయటపడుటకు సగముదినమైనను, ఒక్కొక్కప్పుడు పూర్తిదినమైనను పట్టును. జాలిపడి పెంకు వలిచినచో నరములు తెగి పిల్ల చచ్చును. పిల్ల కడుపులో పచ్చసొన మిగిలియుండును గనుక రెండు దినములు మేత లేకున్నను దానికి బాధ లేదు. ఆ పిదప సన్ననూకలును, దంచిన మొక్కజొన్నయు, చెదలును పెట్టవచ్చును. కుండలో పేడయు గడ్డియు తడిపి నేలమీద బోర్లించి, మఱునాడు ఎత్తి చెదలు పట్టు పద్ధతి మీ యందఱకును తెలిసినదే; చిన్నపిల్లలకు అంతకు మించిన మేత లేదు. నీళ్లపళ్లెములో గులకఱాళ్లు వేయుడు, పిల్లలు మునుగకుండ.

కొక్కెర తెగులు, రాణీఖేతు రోగమని వైద్యులనునది, పెరటికోళ్లకు మృత్యుదేవత. ఐదవ దినము మొదలు ఏడవ దినములోపల కంటిలోనో ముక్కులోనో చుక్కమందు, ఎనిమిది వారముల తర్వాత సూదిమందు వేయింపవలయును. ఇచ్చట పేదవారికి వచ్చు చిక్కు మందు ధర గాదు. ఆ సీసా నూఱుకోళ్లకో, అంతకు హెచ్చునకో సరిపడునట్లుగా వచ్చును; కలిపిన పిమ్మట చల్లగా నుంచి రెండుగంటలలో వాడివేయవలయును. తొమ్మిది పిల్లలున్నామె నూఱింటి మందును కలుపనేల యని యూరకుండును, పిల్లలు పోవును. వీధివారందఱు మాటలాడుకొని ఒక్కవారములోనే పెట్టలను పొదుగవేసినచో ఒక్క సీసాతో వీధి పిల్లలన్నింటికిని మందు పడును. పొదుగునకు ముహూర్తము పెట్టవలసివచ్చినచో నేను పెట్టు ముహూర్తమిదియే.

కోరనప్పుడు పొదుగునకు వచ్చిన పెట్ట మాట మిగిలినది. దానిని చన్నీటిలో ముంచుట, ముక్కులో నీక గ్రుచ్చుట, కాలు కట్టి యెండలో పడవేయుట మన యూళ్లలో నున్నవి. ఈక గ్రుచ్చుట వట్టి క్రూరకృత్యము. ముక్కు వాచి ఊపిరాడక బాధపడును. దానికి కావలసినది ఱొమ్ముక్రింద చల్లనిగాలి. వెదురుబద్దల యడుగుగల పంజరమును నేలనుండి జానెడెత్తున నిలిపి, వెలుతురున్న తావున, గడ్డి వేయక, మేతయు నీళ్లును బాగుగా పెట్టి మూడు నాలుగు దినములుంచినచో పొదుగు విడుచును. మొదటి దినమే పట్టినవారికి త్వరగా లొంగును, వారము తర్వాత పట్టినవారికి వారము పట్టును. విడిచిన రెండు మూడు వారములకు మరల గుడ్లు మొదలుపెట్టును.

పిల్లలు గల తల్లిని తనంతట విడిచినచో రెండు మూడు నెలలు వానివెంటనే తిరుగును. అంతకాలము గుడ్లు లేవు. పిల్లలకు ఈకలు వచ్చిన తరువాత, ఆఱవవారము ప్రాంతమున, వానిని రాత్రిపూట వేఱుగంపలో పెట్టి తల్లిని పుంజుతో విడువవచ్చును. అంతకు ముందు విడదీయకుడు. ఈకలు రాని పిల్లకు పుష్యమాసపు తెల్లవాఱుజాము చంపుచలి. మొదటి రెండు వారములు పగలు గంపక్రిందనే యుంచి, మనుష్యులు పెరటిలో తిరుగు వేళలలో మాత్రమే బయట విడిచినచో గద్దపాలుగాక మిగులును.

అట్టి తల్లి కడుపున పుట్టిన గుడ్లు రెండు మూడైనను ప్రతిపొదుగులోను కలిపి పెట్టుడు. పొదుగుగుణము తల్లినుండి కూతునకు వచ్చును. లేచిన వానిలో ఏది యెవరి పిల్లయో తెలియుటకు, గుడ్డు చిట్లువేళ మైలపెట్ట గుడ్లను మాత్రము వేఱుగంపలో మఱొక పెట్టక్రింద నుంచుట యొక యుపాయము. పిల్లకు నెల దాటిన పిదప ఎఱ్ఱదారము కాలికి కట్టుడు. సంక్రాంతికి బేరగాడు వచ్చినప్పుడు ఆ దారమున్నవానిని గంపక్రింద నుంచుడు. కాలు పెరుగుచుండును గనుక నెలకొకసారి దారమును విప్పి వదులుగా కట్టవలయును. లేనిచో కాలు వాచి పిల్ల కుంటిదగును.